గాలి తగలని గది

కూతురు వెలరీ తొలి కాన్పుకు దక్షిణాఫ్రికాలోని ఎస్ట్‌కోర్ట్‌లో పుట్టింటికి వచ్చింది. అక్కడ జూన్ అంటే చలికాలం. ఆ చలికి పసిబిడ్డ తట్టుకోలేదని, తల్లి వల్లీ తన భర్త కిష్టసామిని వెంటబెట్టుకుని ఫైర్‌ప్లేస్ కొనడానికి వెళ్లింది.

కొట్టు యజమాని సిడ్నీ రెండు రకాలు చూపించాడు. ఒకటి అద్దం తలుపున్న ఇనప పొయ్యి. రెండోదానికి తలుపు లేదు, పొగగొట్టానికి అడ్డంగా జరిపే రేకు ఉంది.

"మూసిందే తీసుకుందాం. సేఫ్," అన్నాడు కిష్టసామి.

"మూసుంటే సాంబ్రాణి ఎక్కడెయ్యాల? నీళ్లు పోసినాక బిడ్డకి పొగ పట్టొద్దా?"

సిడ్నీ నవ్వాడు. "బిడ్డకి పొగేంటి ఆంటీ, పొగబెట్టి అమ్మే స్నూక్ చేపా?"

"మీ అవ్వ నీకూ పట్టుంటాది. అందుకే బతికి బట్టకట్టినావు."

వల్లీ మాటే నెగ్గింది. వెలరీ గదిలో పొయ్యి బిగించి వెళ్తూ సిడ్నీ, నిప్పు పూర్తిగా ఆరేదాకా రేకు మూయొద్దని మరీమరీ చెప్పాడు.

ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం రోజు మధ్యాహ్నం వల్లీ తల్లికీ బిడ్డకీ సాంబ్రాణి పొగ వేసి, వెలరీ చెవుల్లో దూది పెట్టి ఇద్దరినీ పడుకోబెట్టింది. ఏప్రిల్‌లో అన్ని జాతులవాళ్లూ ఓటేసిన తొలి ఎన్నికలప్పుడు గొడవలవుతాయని కిష్టసామి ఆ గది కిటికీలకు చెక్కలు కొట్టి ఉంచాడు. వాళ్ల వీధిలో ఏమీ జరగలేదు. అయినా బాలింతకు గాలి తగలదని వల్లీ వాటిని ఉండనిచ్చింది.

ఆ రోజు కొండల మీద మంచు పడింది. చలిగాలి పొగగొట్టంలోంచి దిగి మంచం మీదికి కొడుతోంది. కట్టెలు కాలిపోయి ఎర్రటి నిప్పులే మిగిలాయి. పొగ లేదు కదా అనుకుంది వల్లీ. వెనకటి రోజుల్లో బాలింత మంచం కింద కుంపటి పెట్టేవారని అవ్వ చెప్పేది. రేకు అడ్డంగా జరిపి పొగగొట్టం మూసి, బయటికొచ్చి తలుపు వేసి, గడప సందులో దుప్పటి కుక్కింది.

మిరియాల చారు కాగుతుండగా కిష్టసామి పనినుంచి వచ్చాడు.

"పిల్ల లేచిందా?"

"లేపమాకు. హాయిగా పడుకున్నారు."

ఆయన ఆగలేదు. తలుపు తోసి పెద్దగా కేకేశాడు.

వల్లీ పరుగెత్తింది. వెలరీ దిండు మీద వాంతి చేసుకుని, తెలివిలేకుండా పడి ఉంది. బిడ్డ బుగ్గలు ఎర్రగా, ఎంతో ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించాయి. ఒళ్లు మాత్రం కదల్లేదు.

నిప్పుల్లోంచి వచ్చిన విషవాయువు పీల్చారని చెప్పి, ఆస్పత్రిలో వెలరీని మాత్రం బతికించగలిగారు. మర్నాడు బిడ్డ పోయిన సంగతి నర్సు ఆమెకు చెప్పింది. వెలరీ తల్లి చెయ్యి పట్టుకుంది.

"చలికా, మా?"

కిష్టసామి గోడవైపు తిరిగాడు.

"కాదు పిల్లా. గది వెచ్చగానే ఉండింది," అంది వల్లీ. "నేనే రేకు మూసినా."

వెలరీ నెమ్మదిగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.