సాహుబాబు తెచ్చిన బోర్డు

ఆదమణి పొయ్యి మీది దండేనికి చోడి, అంటే రాగి, వెన్నులు కట్టలుగా వేలాడదీస్తోంది. కోతకు నాలుగు రోజుల ముందే చేనంతా తిరిగి, పిడికిలిలా ముడుచుకున్న వెన్నులు ఏరి విత్తనానికి దాచడం అత్త నేర్పిన పని. పొగ తగిలితే పురుగు చేరదు.

గుమ్మం దగ్గర ఆమె మొగుడు ఘెను, వ్యవసాయశాఖ గ్రామసేవక్ సాహుబాబు కూర్చున్నారు. గోడకు ఇనప కాలున్న కొత్త రేకు బోర్డు ఆనించి ఉంది.

"ఏటి రాసుంది బాబూ?" అడిగింది ఆదమణి.

సాహుబాబు చదివాడు. "ప్రభుత్వ మేలురకం విత్తనం. రైతు, ఘెను ముదులి."

"ఈయన ఇత్తనం మొహం ఎప్పుడు సూసినాడు?"

సాహుబాబు నవ్వాడు. "రేపు పదకొండింటికి జిల్లా నుంచి పెద్ద సార్లు వస్తున్నారు పిన్నీ. నీ చేలో ఈ బోర్డు పాతుతాం. మేమిచ్చిన విత్తనమేనని ఒక్క మాట చెప్పు, చాలు."

"మీ ఇత్తనం మా సేలో ఎప్పుడు సల్లినాం?"

"ఎక్కడిదైతే ఏంటి, పంట బాగుంది కదా."

"బాగుందనే కదా పేరు మార్సడానికొచ్చినావు."

ఘెను దగ్గాడు. పురుగుమందు కొట్టే యంత్రం ఇప్పిస్తానని సాహుబాబు అతనికి మాటిచ్చాడు. సంతలో దాని ఖరీదు మూడువేల పైమాటే. "ఒక్క మాటకి నీ నోరేటి అరిగిపోద్దా?" అన్నాడు.

ఆదమణి అతని వైపు చూడలేదు. "రుకుణక్క సేను సూసొచ్చినావా బాబూ?"

ఆషాఢంలో విధవరాలు రుకుణి చేతిలో ప్రభుత్వ విత్తనం సంచి పెట్టి వెళ్లిన సాహుబాబు మళ్లీ ఇవాళే ఊళ్లోకి వచ్చాడు. ఆకుల మీద మచ్చలు చూపించడానికి ఆమె రెండుసార్లు ఆఫీసు దాకా నడిచింది. రెండుసార్లూ తలుపుకి తాళమే. పల్లంలోని ఆమె చేనంతా తాలుపోయింది. ఇప్పుడు రోజుకి మూడు వందలకి రోడ్డు పనిలో రాళ్లు మోస్తోంది.

"ముప్పైరెండు ఊళ్లకి నేనొక్కణ్ని పిన్నీ. ఎన్నని చూడను? ఒక్క మంచి చేనైనా చూపించకపోతే నా ఉద్యోగం ఉంటుందా?"

"నువ్వు మా సేను సూపిత్తే వచ్చే ఏడు ఊరందరికీ ఆ సంచులే వస్తాయి. అందరం రుకుణక్క ఎనకాల రాళ్లు మొయ్యాల. అంతేనా?"

"అది పైవాళ్లు చూసుకుంటారు."

"ఆ పైవోళ్లే రేపొస్తన్నారుగా."

సాహుబాబు గొంతు తగ్గించాడు. "నీ విత్తనం సంగతి వచ్చే ఏడు రాస్తాను పిన్నీ. ఒట్టు."

"ఇయ్యాలే రాయడానికేటి అడ్డం?"

అతను జేబులోని పెన్ను తడుముకున్నాడు. బయటికి తియ్యలేదు.

ఆదమణి ఆఖరి కట్ట దండేనికి కట్టి, చేతులు దులుపుకుంది. మూలనున్న గడ్డపార తీసుకుంది. బోర్డు ఎత్తి భుజాన పెట్టుకుంది.

"అద్గదీ!" ఘెను మొహం వెలిగింది. "మా ఆడది మంచిదే బాబూ. నోరొక్కటే..."

ఆమె ఇద్దరి మధ్య నుంచి గుమ్మం దాటింది. వాళ్ల చేను ఇంటి వెనక మెరక మీద ఉంది. ఆదమణి అటు తిరగలేదు. రుకుణి తాలుపోయిన చేను ఉన్న పల్లంలోకి దిగింది.