రెండో గ్లాసు

మా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధన అయ్యాక గిన్నె కడిగేది నేను. బల్లమీద పరిచే తెల్లగుడ్డ ఉతికేదీ నేనే, పాస్టరు భార్యనైన పాపానికి. కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది. మా ఆయన ఏమన్నా అనుకోనీ.

పాల్వంచ దాటి అడవిలోకి పోయే బస్సు దారిలో ఉంటుంది మా చర్చి. గుంటూరు వైపు నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్లు ముందు కూర్చుంటారు. థర్మల్ కరెంటు ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగినవాళ్లు మధ్యలో కూర్చుని నిద్రపోతారు. తండావాళ్లు తలుపు దగ్గర. పాటలప్పుడు అందరిదీ ఒకటే గొంతు. నెలలో మొదటి ఆదివారం ద్రాక్షరసం గిన్నె వచ్చేసరికి మాత్రం జనానికి ఎంగిలి గుర్తొస్తుంది.

గిన్నె ఒక్కటే. మొదట తాగేది ముందు వరుస గుంటూరు పెద్దాయన చెంచురామయ్యగారు. పెదవి తగలకుండా, తలెత్తి పైనుంచి పోసుకుంటారు. మొదట తాగేవాడికి ఎవరి ఎంగిలి అంటుతుందో నాకైతే అర్థం కాదు. సగం నోట్లోకి, సగం నా తెల్లగుడ్డ మీదికి. ద్రాక్ష మరక ఉతికితే తెలుస్తుంది ఆయనకు.

ఒక నెల తండా హాతీరాం ముందొచ్చి ముందు వరుసలో కూర్చుని, గిన్నె ముందుగా అందుకున్నాడు. అంతే, చెంచురామయ్యగారు మా ఇంటికొచ్చారు.

"అయ్యగారూ, వచ్చే నెల నుంచి రెండు గిన్నెలు పెట్టండి. మాకొకటి, తండావాళ్లకొకటి. కుదరదంటే మావాళ్లం మా ఇంట్లోనే ఆరాధన పెట్టుకుంటాం."

మా ఆయన రాందాస్ పుట్టింది తండాలోనే. కోడి అడ్డమొచ్చినా పక్కకు జరిగే మనిషి. ఆ రోజు మాత్రం కుదరదన్నాడు.

చెంచురామయ్యగారు వెళ్లాక నేను ఊరుకోలేదు. "ఇంకో గిన్నె కడగనీకి నాకేం బరువు? పెట్టరాదు."

"ఇయ్యాల రెండు గిన్నెలు పెడితే రేపు రెండు తలుపులు పెట్టాలె, నాగలతా."

నాకు ఏడుపొచ్చింది. ఆ చర్చి గోడలకు ఇటుకలు మోసింది నేను కూడా. అది రెండు ముక్కలైతే చూస్తూ ఎట్లా ఉండను?

మొదటి ఆదివారం రానే వచ్చింది. చెంచురామయ్యగారు ఖమ్మంలో కట్టించుకున్న కొత్త పళ్లసెట్టుతో, పేరు కొట్టించిన కొత్త స్టీలు గ్లాసుతో వచ్చారు. గ్లాసు కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. పాటలో ప్రతి చరణానికీ పళ్లు టకటకమన్నాయి.

మా ఆయన ఆ గ్లాసు వైపు చూడనైనా లేదు. "ఈసారి తలుపు దగ్గర నుంచి మొదలు" అని మగవాళ్ల వైపు నడిచాడు. దాంతో ముందు కూర్చున్న చెంచురామయ్యగారు మగవాళ్లలో ఆఖరయ్యారు. ఆయన తర్వాత ఆడవాళ్ల వైపు తలుపు దగ్గరున్న తండా చాందీ వంతు.

గిన్నె ఆయన ముందుకొచ్చింది. సంఘమంతా చూస్తోంది. షిఫ్టువాళ్లు కూడా లేచారు.

"ఈ గిన్నెలో తాగడం ఇదే ఆఖరు" అని గొణిగి, ఆయన గిన్నె ఎప్పటికన్నా పైకెత్తి పోసుకున్నారు. పొలమారింది. ఒక్క దగ్గు దగ్గేసరికి తాగిందంతా బయటికొచ్చింది, వెనకే పై పళ్లసెట్టు ఊడి గిన్నెలో టప్పున పడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక నేను బైబిలు కొరికాను.

మా ఆయన గిన్నె పట్టుకుని కొయ్యబారిపోయాడు. చాందీయే లేచొచ్చింది. రెండు వేళ్లు పెట్టి పళ్లు తీసింది, కొంగుతో తుడిచింది, "పట్టు తాతా" అని ఆయన చేతిలో పెట్టింది.

"ఆగు చాందీ, వేరేది పోసిస్త" అన్నాడు మా ఆయన.

"ఎందుకయ్యా? మా అత్త పళ్లు చాయ్‌ల ఎన్నిసార్లు పడలే? గిది ప్రభువు రక్తమంటివి, తాత పళ్లకే పాడైతదా?"

తాగేసింది. ఆమె తాగాక మిగతా ఆడవాళ్లు తాగకుండా ఎట్లా ఉంటారు? ఒక్కొక్కరే తాగారు. ఆఖరున పాస్టరు భార్య ఉంటుంది కదా. కళ్లు మూసుకుని, ప్రభువును గట్టిగా తలుచుకుని, నేనూ తాగాను. అడుగున కొంచెమే మిగిలింది.

మా ఆయన ముగింపు ప్రార్థనకు చేతులెత్తాడు. అప్పుడు ముందు వరుసలోంచి బోసినోటి గొంతు వినిపించింది.

"అయ్యగారూ, నాకు అందలేదండీ. అంతా దగ్గులోనే పోయింది."

కాళ్ల దగ్గర కొత్త గ్లాసు ఉంది. ఆయన దాన్ని తీయలేదు. తండా తాగి, షిఫ్టువాళ్లు తాగి, నేను తాగిన గిన్నెను రెండు చేతులా పట్టుకుని, అంచుకు పెదవులు ఆనించి, అడుగుదాకా తాగారు. ఆయన కళ్లు తడిశాయి. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

ఇప్పుడు మా చర్చిలో ప్రతి మొదటి ఆదివారం రెండూ ఉంటాయి, గిన్నె, గ్లాసు. గిన్నె అందరిదీ. అది తన దగ్గరికి వచ్చే ముందు చెంచురామయ్యగారు పళ్లు తీసి గ్లాసులో వేసి, పట్టుకోమని చాందీకి ఇస్తారు. ఆ గ్లాసు మాత్రం నేను కడగను.