మిషన్ స్థలం

నాలుగో మెట్టు మీదికి వచ్చేసరికి రాయి నిగ్గు తేలసాగింది. జకరయ్య మోకాళ్ళ మీద వంగి, తడి పాలరాతి మీద గ్రైండర్‌ని గుండ్రంగా తిప్పుతున్నాడు. తెల్లటి బురద మోచేతుల దాకా చింది, ఎండి, పొలుసుల్లా లేస్తోంది. యాభై రెండేళ్ళ మనిషి. కుడి చిటికెన వేలు షిప్‌యార్డులో పని చేసిన రోజుల్లో పోయింది.

ఈ పరాయి దేశంలో, టాంపినీస్‌లోని ఆ చర్చికి రాయి ఇటలీ నుంచి తెప్పించారు. బలిపీఠానికి ఎక్కే ఐదు మెట్లూ ఆ రోజుతో అయిపోవాలి. ఆదివారం బిషప్ వస్తారు. తెల్లవారుజామున రాత్రికని ఉలవలు నానబోసి, పనివాళ్ళుండే డార్మిటరీ దగ్గర లారీ ఎక్కినప్పటి నుంచీ జకరయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. ఎప్పుడూ అంతే. పదకొండేళ్ళలో అతని మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. మెచ్చుకున్నవాళ్ళూ లేరు.

మధ్యాహ్నం అన్నం పొట్లం విప్పుతుంటే ఒంగోలు అవతల ఊరి నుంచి భార్య రూతమ్మ ఫోన్ చేసింది.

“జేసీబీ వచ్చింది మావా. అత్త గడపలో కూచుంది. లెగమంటే లెగవదు.”

“పాస్టరుగారు లేడా?”

“ఉండాడు. ఖాళీ చేస్తామని అందరి చేతా సంతకాలు పెట్టిస్తా ఉండాడు.”

ఆ నేల జకరయ్య తాతది. దేవుడి పని, బడి కడతామంటే ఉన్న ఒక్క ఎకరం మిషన్ పేర రాసిచ్చాడు. అంచున ఇల్లేసుకుని ఉండమని ఆనాటి దొర నోటిమాటగా చెప్పాడు. తర్వాత బడి మూతపడింది. చుట్టూ ప్లాట్లు వెలిశాయి. కిందటేడు మిషన్ పెద్దలు కాంపౌండ్ మొత్తం లేఅవుట్ కంపెనీకి అమ్మేశారు. అమ్మకం కాగితాల్లో అది ఖాళీ స్థలం. అందులో పద్నాలుగు ఇళ్ళున్నాయి. జకరయ్య ఇక్కడి జీతంతో వేసిన శ్లాబూ అందులోనే ఉంది.

“అమ్మకియ్యి,” అన్నాడు.

ఫోన్ చేతులు మారింది. తర్వాత ఎస్తేరమ్మ గొంతు.

“అన్నం తిన్నావా నాయనా?”

“తింటా ఉండా. లెగమ్మా. వాళ్ళతో మనం పడలేం.”

“మీ తాత దేవుడికిచ్చాడు. దేవుడొచ్చి లెగమంటే లెగుస్తా.”

పొట్లం మడిచేసి అతను మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

నాలుగు దాటాక రూతమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఆమె గొంతులో తొందర లేదు.

“నలుగురు కలిసి ఎత్తి రోడ్డు పక్కన కూచోబెట్టారు. మంచినీళ్ళు తెచ్చే లోపల, కూచున్నది కూచున్నట్టే పోయింది మావా.”

జకరయ్య గ్రైండర్ పక్కన పెట్టాడు.

“సమాధుల దొడ్డి గూడా అమ్మకంలో పోయిందంట. గేటుకి తాళమేశారు. యాడ పెట్టమంటావు?”

“నేనొస్తన్నా. అందాకా...” అని ఆగిపోయాడు. అందాకా ఎక్కడో అతనికీ తెలియలేదు.

పనిపెద్ద కేశవరావు శ్రీకాకుళం మనిషి. సంగతి విని గ్రైండర్ తీసుకోబోయాడు. “నువ్వెళ్ళు. టికెట్ గురించి ఆఫీసుతో నేను మాట్లాడతాను.”

“చివరి మెట్టు సగంలో ఉందన్నా. ఇప్పుడాపితే మచ్చ పడుద్ది.”

ముప్పావుగంటలో దాన్ని పూర్తి చేశాడు. నీళ్ళు పోసి కడిగి, పొడిగుడ్డతో తుడిచాడు. రాతిలో పైకప్పు దీపాలు కనిపించాయి. తన ముఖం కనిపించే చోట గుడ్డ ఇంకోసారి ఆడించి లేచాడు.

ఆ సాయంత్రమే అతను విమానాశ్రయానికి వెళ్ళిపోయాడు. అతని పని పర్మిట్ నెలాఖరుతో అయిపోతుంది. తిరిగి రాయించమని ఆఫీసులో అతను అడగలేదు, వాళ్ళూ అడగలేదు.

ఆదివారం బిషప్ ఆ ఐదు మెట్లూ ఎక్కి బలిపీఠాన్ని ఆశీర్వదించారు. సోమవారం పొద్దున కొత్తగా వచ్చిన మనిషికి చోటు చూపించడానికి కేశవరావు డార్మిటరీలో జకరయ్య మంచం కింద వంగి చూశాడు. మూత సరిగా పడని ప్లాస్టిక్ డబ్బాలో, ఎవరూ వార్చని నీళ్ళలో నానిన ఉలవలు పొట్టు పగిలి, పుల్లటి వాసన వేస్తూ, తెల్లటి మొలకలు బయటపెట్టి ఉన్నాయి.