స్నానం తరవాతి బిస్కెట్టు

నురుగు చెవిలోకి పోకుండా ఎడమ అరచేత్తో చెవి మూసిపట్టి, కుడిచేత్తో మెడకింద రుద్దుతున్నాడు బాబాయి. ఆ కుక్కల ఆసుపత్రిలో అందరికీ ఆయన బాబాయే. డాక్టరమ్మకీ, మందులిచ్చే అమ్మాయికీ, చివరికి ఆయనకంటే పెద్దదైన టీచరమ్మకీ. కుక్కలకి మాటలొస్తే అవీ అలాగే పిలిచేవి.

తొట్టిలో ఉన్నది టీచరమ్మ కుక్క, బుడ్డోడు. పేరుకే బుడ్డోడు, మూతి చుట్టూ నెరిసిపోయిన ముసలాడు. గోధుమరంగు ఒళ్ళు, దవడల కిందిదాకా వేలాడే చెవులు. ఒంటినిండా దురద. పొట్టకింద చర్మం ఎర్రగా కమిలిపోయింది, చంకల్లో బొచ్చు ఊడిపోయింది, నాకీ నాకీ కాలివేళ్ళ సందులు తుప్పురంగుకి తిరిగాయి. చెవుల సంగతి సరేసరి. ఎత్తి చూస్తే గోధుమరంగు జిగురు, పులిసిన వాసన.

"ఉండరా నాయనా! మందు నురుగు కాసేపు ఒంటిమీద నిలవాలి. తొందరపడితే నాకేం పోయింది, గోక్కునేది నువ్వేగా," అన్నాడు.

ఒకప్పుడు బాబాయి లారీలు కడిగేవాడు. ఆ షెడ్డు మూతపడ్డాక ఇక్కడ చేరాడు. "లారీలు కడిగినవాణ్ణి, నాకు కుక్కలు ఓ లెక్కా!" అని గొప్పలు పోయి, మొదటిరోజే చేతిమీద కరిపించుకున్నాడు. లారీకి నీళ్ళు వేడైనా ఒకటే, చల్లనైనా ఒకటే. కుక్కకి అలా కాదు కదా. ఇప్పుడు మోచెయ్యి ముంచి చూడందే తొట్టిలోకి ఎవర్నీ దింపడు.

నురుగు కడిగేసి, తువ్వాలుతో అద్ది, చెవుల పని మొదలుపెట్టాడు. చల్లటి మందు పోస్తే ఏ కుక్కయినా ఎగిరిపడుతుందని సీసాని ముందే గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబరిచాడు. చెవినిండా పోసి, చెవి మొదట్లో బొటనవేలితో మెల్లగా నలిపాడు. లోపల పిచపిచమని చప్పుడైంది. బుడ్డోడు కళ్ళు అరమోడ్చి సుఖంగా మూలిగి, అంతలోనే తల విదిలించాడు. జిగురంతా వచ్చి బాబాయి మొహాన పడింది.

"పొయ్యి నాయనా, పొయ్యి! నా మొహం కాక ఇంకెవరి మొహం దొరుకుతుంది నీకు!"

దూదితో కంటికి కనపడినంత మేరే తుడిచాడు. అంతకన్నా లోపలికి వేలు పోనివ్వడు. తరవాత, ఎప్పటిలాగే, చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. బుడ్డోడి తోక తొట్టి అంచుకి టపటపా కొట్టుకుంది. బిస్కెట్టు నోట్లోకి పోవడం, బాబాయి అరచెయ్యి నాకించుకోవడం, అంతా క్షణంలో అయిపోయింది.

ఆ బిస్కెట్టు వెనకో కథ ఉంది. బాబాయి భార్యకి మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు డాక్టర్లు తిండికి కట్టడి పెట్టారు. ఆవిడ తిండి దగ్గర ఈయన పోలీసులా కాపలా కాశాడు. ఉప్పు లేదు, తీపి లేదు. ఆఖరి మధ్యాహ్నం ఆవిడ ఈయన చేతిలోని టీ గ్లాసు వైపు చూసి, "ఒక్క బిస్కెట్టు ముంచి పెట్టవూ," అంది. "వద్దన్నారుగా," అన్నాడు. సాయంత్రానికి ఆవిడ లేదు. పెట్టినా పెట్టకపోయినా పోయేదే. అప్పట్నుంచీ ఆశగా చూసే ఏ కళ్ళకీ లేదనలేడు.

ఇవాళ బుడ్డోడికి పరీక్ష రోజు. టీచరమ్మకి చూపు మందగిస్తోంది. ఒంటరిగా ఉండలేక దూరాన ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళిపోతోంది. ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంది. "పుళ్ళ కుక్కని మాత్రం తేవద్దు, మానితే చూద్దాం" అని మరదలు తెగేసి చెప్పింది. ఈ దురద తిండివల్లేమో తేల్చుకుందామని డాక్టరమ్మ రెండు నెలలు ఒకే ఒక్క మందు తిండి పెట్టమంది. టీచరమ్మ నిష్ఠగా పెట్టింది. కొలత కళ్ళకి ఆనక, గ్లాసుకి సగంలో రబ్బరు బ్యాండు చుట్టి, ఒక వేలు బయట రబ్బరుమీద, ఇంకో వేలు లోపల తిండిమీద ఆనించి కొలిచేది.

డాక్టరమ్మ బల్లమీద బుడ్డోణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది. చెవులెత్తి వాసన చూసింది. మొహం చిన్నబోయింది.

"అమ్మా, ఇంకేమీ పెట్టలేదు కదా? రుచికి కూడా?"

"లేదమ్మా," అంది టీచరమ్మ.

"అయితే తిండివల్ల కాదేమో. మళ్ళీ మొదట్నుంచీ వెతకాలి."

గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముడు గడియారం చూసుకున్నాడు. "చెప్పానుగా అక్కా. ఇది మానే రకం కాదు. ఇక్కడే ఎవరికైనా అప్పజెప్పు, పొద్దుపోకముందే బయల్దేరదాం."

కుక్క కదలకుండా పట్టుకున్న బాబాయి చెయ్యి ఒకటి చొక్కా జేబుమీదికి పోయింది. తిండి కట్టడి సంగతి ఆయనా విన్నాడు. గిన్నెలో పెట్టేదాని గురించే అనుకున్నాడు. జేబులోంచి తీసి పెట్టేది కూడా తిండేనని ఆయనకి తట్టలేదు.

"నేను పెట్టానమ్మా," అన్నాడు. "స్నానం అయినప్పుడల్లా. ఒక్క బిస్కెట్టు."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "అయ్యో బాబాయ్! ఒక్క ముక్క చాలు, అంతా పాడవడానికి."

"ఒళ్ళు తెలిసే చేశావా?" అన్నాడు తమ్ముడు.

"ఇప్పట్నుంచి మానేస్తే తగ్గొచ్చు," అంది డాక్టరమ్మ గబగబా. "ఇంకో రెండు నెలలు గట్టిగా చూస్తే..."

"సరే, అప్పుడు చూద్దాంలే," అని తమ్ముడు కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ 'చూద్దాంలే'కి అర్థం గదిలో అందరికీ తెలుసు. చూపు ఆనని ముసలావిణ్ణి కుక్క కోసం అంతదూరం మళ్ళీ తీసుకొచ్చేదెవరు?

డాక్టరమ్మకి లోపల్నుంచి పిలుపొచ్చింది. మిగిలింది వీళ్ళిద్దరూ, మధ్యలో బుడ్డోడూ.

"నన్ను తిట్టండి టీచరమ్మా. నాలుగు మాటలనండి. మీ బిడ్డని మీకు కాకుండా చేశాను."

టీచరమ్మ తడుముకుంటూ బుడ్డోడి తల దొరకబుచ్చుకుంది.

"నేను చూశాను బాబాయ్."

"ఏం చూశారు?"

"తలుపు అద్దంలోంచి. మనుషుల మొహాలే ఆనట్లేదు నాకు. మీ బిస్కెట్టు కోసం వాడి తోక ఊగడం మాత్రం కనపడింది. ఇంట్లో వాడు ఆ గిన్నె వైపు చూసి, నా వైపు చూసి, మూల కూర్చునేవాడు. తోక ఊపడమే మర్చిపోయాడు. వారానికి ఆ ఒక్కసారీ... నాకు నోరు రాలేదు. ఏమవుతుందిలే అనుకున్నాను." ఆవిడ వేళ్ళు ఆ తడి చెవిని నిమురుతున్నాయి. "ఇందాక డాక్టరమ్మ అడిగితే అబద్ధం కూడా చెప్పాను. మీరే నయం."

బయట కారు హారన్ మోగింది.

"నాతో తీసుకెళ్తానమ్మా వీణ్ణి," అన్నాడు బాబాయి. "ఒంటిగాణ్ణి. ఒక్క గది."

ఆవిడ తలూపి, సంచిలోంచి తిండి పొట్లం, గ్లాసు తీసి ఆయన చేతుల్లో పెట్టింది. "ఈ రబ్బరు ఉన్నంత మేరే. అంతకన్నా ఎక్కువొద్దు," అంది. వంగి బుడ్డోడి చెవిలో ఏదో చెప్పింది. చెవి వాసన ఆవిడ లెక్కచెయ్యలేదు. కారు సందు మలుపు తిరిగేదాకా బుడ్డోడు గుమ్మంలో నిలబడే ఉన్నాడు, ఒక్కసారి కూడా గోక్కోలేదు.

సాయంత్రం గదిలో బుడ్డోడు నాలుగు మూలలూ వాసన చూసి, వచ్చి బాబాయి మోకాలిమీద గడ్డం ఆనించాడు. తరవాత చొక్కా జేబుని మూతితో పొడిచాడు. మళ్ళీ పొడిచాడు. ఏమైంది నీకు, ఇవ్వవేం అన్నట్టు మొహంలోకి చూశాడు.

"లేదురా," అన్నాడు బాబాయి. ఆ మాట ఆయన నోట రాక చాలా కాలమైంది. జేబులోని బిస్కెట్లు కిటికీలోంచి పిచ్చుకలకి పారేసి, వచ్చి నేలమీద కూర్చుని భోరుమన్నాడు. బుడ్డోడు ఆయన మొహం నాకాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని పొట్లం విప్పాడు. గ్లాసులోకి తిండి గలగలా పోశాడు. ఆ చప్పుడు వినగానే బుడ్డోడు దిగ్గున లేచాడు. ఇటు రాలేదు. తలుపు దగ్గరికి పరిగెత్తి, తోక ఊపుతూ నిలబడ్డాడు. టీచరమ్మ వచ్చిందనుకున్నాడు పిచ్చిముండాకొడుకు.

"లేదురా," అన్నాడు బాబాయి మళ్ళీ, మెల్లగా.

తోక ఆగిపోయింది. బాబాయి గ్లాసుని నేలమీద పెట్టాడు. సగందాకా తిండి, సరిగ్గా ఆ ఎత్తులోనే వేలి రాపిడికి ఒకచోట నలిగి తెల్లబడిన రబ్బరు బ్యాండు.