కిటికీలు మూసిన చేతులు

"ఇది చంపే సరుకు కాదు, భయపడకండి!" అని మైకులో చెప్పి మరీ కాల్చారు పోలీసులు. ముందుగా చెప్పి కొడితే దెబ్బ తగలదన్నట్టు!

మొదటి బాష్పవాయు గుండు నూలుమిల్లు ఆవరణలో పడి తెల్లటి పొగ కక్కింది. అప్పటిదాకా కార్మికులు అక్కడ కూర్చుని షెడ్డు కిటికీలు తెరవమని అడుగుతున్నారు. అదేం గొంతెమ్మ కోరిక కాదు. కానీ పొడిగాలి తగిలితే దారం తెగుతుందని యజమాని వాటిని ఏనాడూ తెరవనివ్వలేదు. దారానికేం కావాలో ఆయనకు బాగా తెలుసు. దూది ధూళి మింగి మింగి సగం మంది ఛాతీలు పాడయ్యాయి. అందరికంటే పాడైంది, మిల్లంతా వదిన అని పిలుచుకునే ఆమెకి.

ఆ వదిన వేలు పట్టుకుని పనిలో చేరిన ఆడపడుచుని మిల్లులో అందరూ మరదలనే పిలిచేవారు. "ఊరందరికీ మరదలినైపోయానే!" అని ఆమె వదిన దగ్గర మురిపెంగా విసుక్కునేది.

"లోపలికి! లోపలికి!" అని ఎవరో అరిచారు. జనమంతా షెడ్డులోకి పరిగెత్తారు. అందరూ రాగానే మరదలు తలుపు లాగి గడియ పెట్టింది. ఆ పొద్దున తామే పట్టుబట్టి తెరిచిన కిటికీ ఒకటీ అరా ఉంటే మిగతావాళ్లు మూసేశారు. ఎవరూ ఆలోచించలేదు. లోపలికి అడుగు పెట్టగానే తలుపు వెయ్యకపోతే మేస్త్రీ తిట్లు తిన్న చేతులవి. కిటికీలు తెరవమని గొంతు చించుకున్నవాళ్లే వాటిని బిగించుకుని కూర్చున్నారు.

రెండో గుండు పైకప్పు అద్దం పగలగొట్టుకుని లోపల పడింది. బయటైతే గాలికి చెదిరిపోయేదే. మూసిన షెడ్డులో ఆ పొగ ఎక్కడికి పోతుంది? కళ్లు మండి, గొంతులు పూడుకుపోయి జనం తలుపు మీద పడ్డారు. అది లోపలికి తెరుచుకునే తలుపు. వెనకనుంచి తోస్తుంటే మరదలికి లాగడం చేతకాలేదు.

"వెనక్కి జరగండ్రా! చచ్చిపోతాం, జరగండి!"

"తలుపు... తియ్యవే..." అంది వదిన ఎక్కడినుంచో. ఆ తర్వాత ఆమె గొంతు వినపడలేదు.

జనం కాస్త జరిగాక తలుపు తెరిచి, ఆమెను ఆవరణలోకి మోసుకొచ్చి, గోనెపట్టా మీద పడుకోబెట్టేసరికి అంతా అయిపోయింది.

పొగ తగలకుండా మొహానికి తొడుగు వేసుకున్న పోలీసు అధికారి వచ్చి చూశాడు. "ఈమెకి ముందే జబ్బుందిగా? మా గుండుకి ఎవరూ చావరు. శవాన్ని తీసుకుని ఇళ్లకి పొండి."

"పోదాంరా. పిల్లలు గలవాళ్లం," అన్నాడొకడు ఏడుస్తూ. చాలామంది తలలు వంచుకున్నారు.

"నేనే చంపాను తాతా. గడియ పెట్టింది నేనే," అంది మరదలు ముసలి కార్మికుడొకడితో.

ఒకప్పుడు మగ్గం నేసి మిల్లుకొచ్చిన ఆ తాత ఆమె పక్కన చతికిలబడ్డాడు. "పెట్టావమ్మా. నేనూ ఓ కిటికీ మూశాను. మూయడం మనకి నేర్పిందెవరు? మూసిన కొంపలో పొగ పోసిందెవరు?"

మరదలు లేచింది.

"అయ్యా, జబ్బున్నోళ్లని వదిలేసి మిగతావాళ్లనే పట్టుకోమని ఆ పొగకి చెప్పి పంపారా? ఈ మిల్లులో జబ్బు లేని ఛాతీ ఒక్కటి చూపించండి! అంత మంచి పొగైతే మీ మొహానికి ఆ తొడుగెందుకు? తీసి మా పక్కన నిలబడండి!"

అతను చెదిరిపొమ్మని మైకులో అన్నాడు.

మరదలు ఒక ఇనపకడ్డీ అందుకుని షెడ్డు వైపు నడిచింది. మొదటి కిటికీ అద్దం భళ్లున పగిలింది. ఇళ్లకి పోదామన్నవాడు ఇటుక తీసుకుని రెండోదాని దగ్గరికి వెళ్లాడు. ఆ వెనక తాత, ఆడవాళ్లు. మళ్లీ గుండ్లు పడ్డాయి. ఈసారి ఎవరూ లోపలికి పరిగెత్తలేదు. తడిమి తడిమి అద్దాలు వెతుక్కుంటూ, దగ్గుతూ పగలగొట్టారు.

పోలీసులు మరదలిని జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. కళ్లు వాచిపోయి ఆమెకి ఏమీ కనపడలేదు. వెనక ఇంకో అద్దం పగిలిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే మరోటి.