మలుపు మలుపుకీ మోగినదాన్ని

నేను ఒక హారన్‌ని. అరవడం నా ఉద్యోగం. అయితే ఫ్రాన్సులో పుట్టడం వల్ల సగం బతుకు నోరు మూసుకునే గడిచింది. ఫ్యాక్టరీలో రాగితీగ చుట్టి, రేకు పలక బిగించి, ఒక్కసారి మోగించి చూసి, చిన్న తెల్లకారు ముక్కు వెనక కూర్చోబెట్టారు. మొదటి యజమానురాలు ఒడెట్ అనే రొట్టెల కొట్టావిడ. దారికి అడ్డంగా బాతులు నడుస్తున్నా ఆగి చూసేదే తప్ప నన్ను తాకేది కాదు. అక్కడ హారన్ కొట్టడమంటే ఎదుటివాణ్ణి తిట్టినట్టేనట. లోపల నా పలక ఎప్పుడూ గిజగిజలాడుతుండేది.

ఆవిడ చూపు తగ్గాక కారు ఓదెలు అనే అబ్బాయి చేతికొచ్చింది. మంచిర్యాల కుర్రాడు. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. లియోన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వాళ్ల నాయన ట్రాలీ ఆటో మీద నేర్చిన డ్రైవింగ్ అతనిది. మలుపొస్తే హారన్ కొట్టాలి, మనం వస్తున్నట్టు ఎదుటివాడికి తెలియాలి, అదే మర్యాద అనుకునేవాడు. నాకు తగినవాడు దొరికాడు!

చదువు ముగిశాక స్నేహితులు ముగ్గురూ పెద్దరోడ్లెక్కకుండా, పల్లెల మీదుగా తీరిగ్గా బోర్డో నగరానికి పోదామనుకున్నారు. ఓదెలు, అతని గదిలో ఉండే కడప కరీముల్లా, వాళ్ల క్లాసులోనే చదివిన నరసాపురం హైమవతి. బోర్డోలో ఆమెకు ఉద్యోగమొచ్చింది. ఆమెను దింపి వీళ్లిద్దరూ వెనక్కి రావాలి. ఈలోపు ఓదెలు ఆమెకొక మాట చెప్పాలి. కారులో ఒంటరిగా ఉన్నప్పుడల్లా ఆ మాటను ఎన్నో రకాలుగా అనిచూసుకునేవాడు. ఆమె ఎక్కగానే వాతావరణం గురించి మాట్లాడేవాడు.

బయల్దేరేముందు హైమ బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, గులాబీల దండ కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించింది.

"కొత్త బండా ఏమన్నానా? ముసల్దానికి పెండ్లి చేస్తాండావా?" అన్నాడు కరీముల్లా.

"నువ్వూరుకోవయ్యా బాబూ, అంత దూరం వెళ్తన్నాం."

తీరిగ్గా అన్నారే గానీ ఓదెలు ఒకచోట నిలవలేదు. పొద్దుతిరుగుడు చేల దగ్గర ఆపితే దిగీదిగకముందే "పోదాం పా" అంటాడు. ద్రాక్షతోట పక్కన వాళ్లు రొట్టె, జున్ను తింటుంటే తాళంచెవి తిప్పుకుంటూ నిలబడతాడు. తీరా కదిలాక, బోర్డో దగ్గరవుతోందని నెమ్మదిగా నడుపుతాడు. చెప్పాల్సింది నోటిదాకా వచ్చి ఆగిపోయేది. నన్ను మాత్రం మలుపు మలుపుకీ నొక్కేవాడు.

ఒక మధ్యాహ్నం చిన్న ఊరొకటి వచ్చింది. ఇరుకు వీధులు, అన్నీ మలుపులే. మోగుతూనే ఉన్నాను. కిటికీలు తెరుచుకున్నాయి. తిడతారేమో అనుకున్నాను. చేతులూపారు! కెఫే ముందు ముసలాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. ఆ పల్లెల్లో అట్లా ఆగకుండా హారన్ కొట్టుకుంటూ పోయేవి పెళ్లి బండ్లే మరి. పైగా బానెట్ మీద గులాబీలు. కిరాణా కొట్టావిడ గుప్పెడు బియ్యం పట్టుకుని పరుగున వచ్చి, కారాపి, ముందు సీట్లో ఉన్న హైమ మీద చల్లింది. "పెళ్లికూతురివి నువ్వేగా? పెళ్లికొడుకెవరమ్మా?" అని ఫ్రెంచిలో అడిగింది.

కరీముల్లా వెనక నుంచి వేలు చాపి ఓదెలును చూపించాడు.

"కాదు! అసలట్లాంటిదేం లేదు! మేం కలిసి చదువుకున్నాం, అంతే!" ఓదెలు ఫ్రెంచిలో పదేపదే అరిచి బండిని ముందుకు ఉరికించాడు.

ఊరు దాటింది. మలుపొచ్చింది. అతను నన్ను ముట్టలేదు.

"హారన్ కొట్టవేం?" అంది హైమ.

"ఎందుకు, మళ్ల లగ్గమనుకుంటరు."

"అనుకుంటే నీకేం పోయింది? అన్నిసార్లు కాదని కేకలెయ్యాలా? అయినా ఆవిడ అడిగింది నన్ను. నేను కాదన్నానా?"

కారు పక్కకు ఆగింది.

"రేయ్, ఇప్పుడన్నా నోరు తెరువబ్బా. నేను ఆ ఆవుల్ని చూసొస్తా," అని కరీముల్లా దిగిపోయాడు.

"హైమా... రెండేండ్ల సంది నేను..." అంటూ ఓదెలు మొదలుపెట్టాడు.

అప్పుడే ఎదురుగా గడ్డిమోపులతో ఒక ట్రాక్టర్ వచ్చింది. దారి చాలదు. నడిపే పెద్దాయన హారన్ కొడతాడేమోనని, హారన్‌ని అయ్యుండి నేనే హడలిపోయాను. ఆయన పూలదండను చూశాడు. లోపలున్న ఇద్దరినీ చూశాడు. ఇంజనాపి, దిగివచ్చి, కరీముల్లా పక్కన కంచెకు ఆనుకుని ఆవులను చూస్తూ నిలబడ్డాడు.