చెప్పకుండా ఎక్కిన కొండ

కూరెకుప్పలో హిమజ వాళ్ళకు లారీలున్నాయి. అన్న మాధవ బయటి పనులు చూసుకుంటే, లోడింగు ఆలస్యాలు, డ్రైవర్ల తగాదాలు అన్నీ ఆఫీసులో కూర్చున్న హిమజ చెవిలోనే పడేవి. అన్నం తింటున్నా ఫోను మోగేది. ఒక ఆదివారం పొద్దున, మోగుతున్న ఫోనును టేబుల్ మీదే వదిలేసి, ఎవరికీ చెప్పకుండా సండూరు కొండల వైపు బస్సెక్కింది.

కొండ మీద గాలి తప్ప వేరే చప్పుడు లేదు. ఎన్నాళ్ళకో తన ఊపిరి తనకు వినిపించింది. ఆ హుషారులో ఇంకా పైకి పోయి, కాలు జారి రెండు బండల సందులో పడింది. చీలమండ విరిగింది. ఎంత అరిచినా పలికేవాళ్ళు లేరు.

ఆమె కనబడక మాధవ వెతకడం మొదలుపెట్టాడు. బస్సు కండక్టరు చెప్పిన గుర్తును బట్టి, సాయంత్రానికి కొండ కింది పల్లెవాళ్ళు కూడా వెతకడానికి బయలుదేరారు. తెల్లవారాక హిమజ దొరికింది. కానీ అంతకుముందే, వెతుకుతున్నవాళ్ళలో ఒకడైన మౌనేష్‌కు పొదల్లో ఎలుగుబంటి ఎదురైంది. అది అతని కుడి భుజాన్ని చీల్చేసింది. అతను గొర్రెలు మేపుకుని బతికేవాడు.

ఈ సంగతి హిమజకు ఆసుపత్రిలో తెలిసింది. వైద్యం ఖర్చంతా మాధవ పెట్టుకున్నాడు. అంతటితో అయిపోయిందన్నాడు. తల్లి రామలక్ష్మమ్మ మాత్రం, ఇక కొండ పేరెత్తనని ఒట్టు వేయమని రోజూ పట్టుబట్టేది. హిమజ వేయలేదు.

కట్టు విప్పగానే ఆమె మౌనేష్ ఇంటికి వెళ్ళింది. అతను ముఖం తిప్పుకోలేదు, కోపమూ చూపలేదు. మాట్లాడింది అతని తల్లి దొడ్డమ్మ.

"మీ అన్న ఆస్పత్రికి కట్టినాడు, సరే. గొర్రెలు యాడ మేస్తాయి? నా మోకాళ్ళు కొండ ఎక్కల్యాకుండాయి."

మరుసటి వారం నుంచి హిమజే రోజూ బస్సులో వచ్చి మందను కొండకు తోలుకుపోయేది. మొదట్లో గొర్రెలు ఆమె మాట వినలేదు. కాలు వాచేది. ఎలుగులు తిరిగే వైపు ఏదో మౌనేష్‌ను అడిగి తెలుసుకుని, అటు పోయేది కాదు.

రామలక్ష్మమ్మ కారులో వచ్చి కొండ కింద నిలబడింది. లారీలున్న ఇంటి ఆడపిల్ల గొర్రెలు కాయడం ఏమిటని, చూసినోళ్ళు నవ్వుతున్నారని ఏడ్చింది.

"నవ్వనీలేమ్మా," అంది హిమజ. "కొండకు పోయింది తప్పు కాదు. చెప్పకుండా పోయింది తప్పు. దానికి ఆయప్ప చెయ్యి పాడైంది. ఆ చెయ్యి బాగయ్యే దాకా ఈ పని నాది. ఆ తర్వాత కూడా కొండకొస్తా. ఒట్టు మాత్రం అడగొద్దు."

తల్లి ఆమెను తీసుకుపోలేకపోయింది. ఆఫీసులో ఆమె కుర్చీకి మాధవ వేరే మనిషిని పెట్టుకున్నాడు.

వానలు మొదలయ్యే వేళకు మౌనేష్ కర్ర పట్టాడు, కుడి చెయ్యి పైకి లేవక ఎడమ చేత్తోనే. ఇక నువ్వు రానక్కర్లేదమ్మా అన్నాడు. హిమజ సరేనంది. వచ్చే సోమవారం ఎగువ లోయకు ఒక్కతే పోతానని, పొద్దు వాలే లోపల దిగుతానని దొడ్డమ్మకు చెప్పింది.

దొడ్డమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"దిగకపోతే నా కొడుకును పంపను," అంది. "ఊరోళ్ళనూ లేపను."

"పంపొద్దు. నేనే దిగొస్తా," అంది హిమజ.

సోమవారం ఆమె పోయింది. ఎండ తగ్గకముందే కుంటుకుంటూ దిగివచ్చి, వచ్చానని దొడ్డమ్మకు చెప్పి బస్సెక్కింది.